బండి స్లోలో ఎందుకు ఊగుతోంది?

(విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌లు, ఐటీఐ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. పని ఆపుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

బండి సిగ్నల్ దగ్గర ఆగింది. గేరు న్యూట్రల్‌లో ఉంది, కాలు యాక్సిలేటర్ మీద లేదు. అయినా స్టీరింగ్ వణుకుతోంది, సీటు ఊగుతోంది, ఆర్‌పీఎం ముల్లు నిలబడటం లేదు. ఓనరు మన షెడ్డుకొచ్చి "అన్నా, స్లోలో మిస్సింగ్ వస్తోంది, చూడు" అంటాడు. స్లో అంటే యాక్సిలేటర్ వదిలేసినా ఇంజన్ తిరిగే ఐడిల్ వేగం, మిస్సింగ్ అంటే సిలిండర్‌లో మంట తప్పడం. ఆ మాట వినగానే మనం ఏం చేస్తున్నాం? ముందు ప్లగ్గులు మార్చేస్తాం. తగ్గలేదా, ఇంజన్‌కి గాలి వదిలే త్రాటిల్ బాడీ క్లీనింగ్. అప్పటికీ తగ్గకపోతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు విప్పి క్లీనింగ్‌కి పంపిస్తాం. తర్వాత ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్. అదీ అయ్యాక "ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్, పోయినట్టుంది సార్" అంటాం. ఈలోపు ఓనరు జేబులోంచి పదిహేను వేలు పోతాయి. చివరికి చూస్తే బ్రేక్‌కి బలం ఇచ్చే బూస్టర్ గొట్టం మొదలు దగ్గర చీలి ఉంటుంది.

ఇది ఏ ఒక్కరి గురించో చెప్పడం లేదు. చిన్న షెడ్లలోనూ చూశాను, ఏసీ రిసెప్షన్ ఉన్న పెద్ద వర్క్‌షాపుల్లోనూ చూశాను. ఈ రోజు నేను అడిగేది ఒకటే. స్లో స్పీడ్ కంప్లయింట్‌లో పరీక్ష పెట్టకుండా ఒక్క పార్టు కూడా మార్చకండి. ఈ కంప్లయింట్‌కి పరీక్షలన్నీ చేతికి అందేవే, చాలావాటికి పెద్ద ఖర్చు కూడా లేదు. అవేంటో చెప్పడానికే వచ్చాను.

ముందుగా ఒక ప్రశ్న. రోడ్డు మీద బాగా పోయే బండి, ఆగినప్పుడే ఎందుకు ఊగుతుంది? లెక్క చూడండి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్ ఒకసారి మండుతుంది. 800 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు, నాలుగూ కలిపి 1,600 సార్లు మండుతాయి. అంటే సెకనుకి ఇంచుమించు 27. మూడు సిలిండర్ల బండైతే 20 మాత్రమే. అదే నాలుగు సిలిండర్ల బండి 3,000 ఆర్‌పీఎంలో పోతుంటే సెకనుకి 100 మంటలు. నూటిలో ఒకటీ అరా తప్పితే ఫ్లైవీల్ తన ఊపులో దాన్ని మింగేస్తుంది, లోపల కూర్చున్నవాళ్లకి తెలియదు. సెకనుకి 20 దగ్గర ఒక్కటి తప్పినా ఒళ్లంతా తెలుస్తుంది.

ఇంకో సంగతి. స్లోలో త్రాటిల్ ప్లేటు దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజన్ గాలి కోసం లాగుతుంటుంది, మేనిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టంలో, వ్యాక్యూమ్ (గాలిని లాగే శక్తి) బలంగా ఉంటుంది. సిలిండర్‌లోకి వచ్చే గాలీ పెట్రోలూ బాగా తక్కువ. పాత మంట తాలూకు పొగ కొంత లోపలే మిగిలిపోయి ఈ కొత్త మిశ్రమంలో కలుస్తుంది. అంత పల్చటి సరుకు అంటుకోవాలంటే స్పార్క్, గాలి, పెట్రోలు, కంప్రెషన్ (పిస్టన్ నొక్కే ఒత్తిడి) అన్నీ సరిగ్గా కుదరాలి. స్పీడ్‌లో చెల్లిపోయే చిన్న లోపాలన్నీ ఇక్కడ బయటపడతాయి. అందుకే స్లో స్పీడ్ సరిగ్గా ఉన్న ఇంజన్ అంటే ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ అని నేను గట్టిగా నమ్ముతాను.

బోనెట్ ఎత్తే ముందు ఓనరుతో ఐదు నిమిషాలు మాట్లాడండి. తమ్ముళ్లూ, ఈ ఐదు నిమిషాల విలువ చాలామందికి తెలియదు. పొద్దున్నే చల్లటి ఇంజన్‌లో ఊగుతోందా, లేక వేడెక్కాక ఊగుతోందా? ఏసీ వేస్తేనేనా? పెట్రోలు కొట్టించిన వెంటనే ఎక్కువవుతోందా? వానలో తడిశాక మొదలైందా? ఈ మధ్య బ్యాటరీ మార్చారా? సీఎన్‌జీ మీద ఉన్నప్పుడా, పెట్రోలు మీదా? ఒక్కో జవాబు ఒక్కో దారి చూపిస్తుంది. వేడెక్కాక వచ్చే మిస్సింగ్ ఒక రోగం, చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కాక పోయేది ఇంకో రోగం. రెండింటికీ ఒకే మందు వేస్తే ఏం ఉపయోగం?

తర్వాత బండి స్టార్ట్ చేసి ఊరికే వినండి. ముల్లు వైపు చూడండి. బండి వణుకుతోంది, కానీ ముల్లు కదలకుండా నిలబడి ఉందనుకోండి. అప్పుడు ఇంజన్‌లో మిస్సింగ్ లేదు. ఇంజన్‌ని పట్టుకునే మౌంటింగ్ చూడాలి. రబ్బరు చితికిపోయో, చీలిపోయో ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ లాగి, ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని, ఆటోమేటిక్ బండిని ఒకసారి డీలో, ఒకసారి ఆర్‌లో పెట్టి చూస్తే ఇంజన్ ఎటు ఒరుగుతుందో కనిపిస్తుంది. మూడు సిలిండర్ల ఇంజన్‌కి పుట్టుకతోనే కొంచెం వణుకు ఉంటుంది. మూడు పిస్టన్లు సమాన దూరంలో తిరిగినా, ఇంజన్ ఆ చివర నుంచి ఈ చివరకి ఊగే గుణం పూర్తిగా పోదు. నాలుగు సిలిండర్ల బండి అమ్మి మూడు సిలిండర్ల బండి కొన్నవాళ్లు కంప్లయింట్‌తో వస్తుంటారు. అలాంటప్పుడు అదే మోడల్ ఇంకో బండి పక్కన పెట్టి చూపించండి. ఓనరుకి అనుమానం తీరుతుంది, అనవసరంగా పార్టులు మార్చే పనీ తప్పుతుంది.

ముల్లు మెల్లగా పైకీ కిందకీ, 700 నుంచి 1,100 దాకా ఊయలలా ఊగుతుంటే దాన్ని హంటింగ్ అంటాం. అది చాలావరకు గాలి లెక్క తప్పడం. టక్, టక్ అని తాళం వేసినట్టు ఒకే వరసలో తప్పుతుంటే ఒక సిలిండర్ పని చేయడం లేదు. తాళం తప్పి, ఎప్పుడు పడితే అప్పుడు తప్పుతుంటే అన్ని సిలిండర్లకీ కలిసి ఏదో లోపం ఉంది: గాలి లీకో, పెట్రోలో, సెన్సరో. సైలెన్సర్ గొట్టానికి అంగుళం దూరంలో అరచెయ్యి పెట్టినా ఈ తేడా తెలుస్తుంది. కొత్త పిల్లలకి ముందు నేర్పాల్సింది ఇదే. ఈసీఎంలోని కోడ్లూ అంకెలూ చదివే స్కానర్ తర్వాత.

ఒక సిలిండర్ అని తేలిందా, అది ఏదో పట్టుకోవాలి. పాత పద్ధతిలో ప్లగ్గు వైరు ఒక్కొక్కటే పీకేవాళ్లం. ఇప్పటి బండ్లకి ఆ పని చేయకండి. ప్లగ్గు మండకపోతే ఆ సిలిండర్‌లోకి వెళ్లిన పెట్రోలు పచ్చిగా బయటికొచ్చి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. లోపలి సిరామిక్ తేనెపట్టు కరిగిపోయే వేడి పుడుతుంది. పైగా ఈ రోజుల్లో కాయిల్ ఇచ్చే షాక్ చిన్నది కాదు. అందుకని ఇంజెక్టర్ కనెక్టర్ తీయండి. పెట్రోలే వెళ్లదు కాబట్టి ఏమీ పాడవదు. ఒక్కొక్కటే తీసి, ముల్లు ఎంత పడిందో చూసి, మళ్లీ పెట్టండి. బాగున్న సిలిండర్ కనెక్టర్ తీస్తే ఇంజన్ తూలుతుంది. ఏ కనెక్టర్ తీసినప్పుడు ఇంజన్‌లో ఏ మార్పూ రాలేదో, అదే దొంగ.

దొంగ దొరికాక కాయిల్ కొనడానికి పరిగెత్తకండి. రెండో సిలిండర్‌లో మిస్సింగ్ ఉంటే దాని కాయిల్ తీసి మూడోదానికి, మూడోదాని కాయిల్ రెండోదానికి వేయండి. పది నిమిషాలు తిప్పండి. స్కానర్‌లో పి0302 (రెండో సిలిండర్ మిస్సింగ్) కోడ్ పోయి పి0303 (మూడోది) వచ్చిందంటే కాయిల్‌తో పాటు రోగమూ నడిచి వెళ్లింది, కాయిలే మార్చాలి. రాలేదా, ప్లగ్గులు అటూ ఇటూ మార్చండి. అదీ కాకపోతే ఇంజెక్టర్. ఒక్క రూపాయి ఖర్చు లేదు. కాయిళ్లు విడిగా లేని, అన్నీ ఒకే బ్లాకులో ఉన్న బండ్లలో ఇది కుదరదు. అక్కడ ప్లగ్గు వైర్లు మార్చి చూడండి, రాత్రిపూట లైట్లు ఆపి చూస్తే కరెంటు లీకయ్యే వైర్ల మీద నీలం రంగు మెరుపు పాకుతూ కనిపిస్తుంది.

ప్లగ్గు బయటికి తీసినప్పుడు దాన్ని చదవండి. లేత గోధుమ రంగు ఉంటే బాగున్నట్టు. పొడిగా నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువవుతోంది. జిడ్డుగా తడిగా ఉంటే లోపలికి ఆయిల్ వస్తోంది, రింగులో వాల్వ్ సీళ్లో చూడాలి. నాలుగు ప్లగ్గులూ తీసిన వరసలోనే ఒక గుడ్డ మీద పేర్చండి. మూడు ఒక రంగులో ఉండి నాలుగోది వేరే రంగులో ఉంటే, అదే మీకు సగం జవాబు. అన్నీ కలిపి డబ్బాలో పడేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ప్లగ్గులో స్పార్క్ దూకే గ్యాప్ చాలా బండ్లకి 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మాన్యువల్ చూసుకోండి. ఇరిడియం ప్లగ్గు ముక్కు సన్నగా ఉంటుంది, దానిలో గేజ్ దూర్చి వంచే ప్రయత్నం చేస్తే విరుగుతుంది. సీఎన్‌జీ బండికి స్పార్క్ దూకడానికి వోల్టేజ్ ఎక్కువ కావాలి. అందుకే పెట్రోలు మీద బాగుండి గ్యాస్ మీద ఊగుతుంటే ముందు ప్లగ్గు, కాయిల్ మీద అనుమానపడండి.

ఇప్పుడు గాలి సంగతికి వద్దాం. ఎక్కువసేపు దీని మీదే ఉంటాను, ఎందుకంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

త్రాటిల్ తర్వాత మేనిఫోల్డ్ దాకా, దాన్నుంచి బ్రేక్ బూస్టర్‌కీ, ఇంజన్ లోపలి ఆవిరిని లాగే పీసీవీకీ, ట్యాంకు ఆవిరిని పంపే పర్జ్ వాల్వ్‌కీ వెళ్లే గొట్టాల్లో ఎక్కడ చిల్లు పడినా దొంగగాలి లోపలికి వస్తుంది. మన ఎండలకి రబ్బరు గట్టిపడి అంచుల దగ్గర పగులుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఆపిన బండ్లకి ఎలుకలు ఇంకో బాధ, గొట్టాలూ వైరింగూ రెండూ కొరుకుతాయి. చిల్లు ఎక్కడుందో చూడటానికి కొందరు బాటిల్‌తో పెట్రోలు చల్లుతారు. దయచేసి ఆ పని చేయకండి. వేడి మేనిఫోల్డ్ మీద పడితే బండి, షెడ్డు, మనిషి అన్నీ పోతాయి. ముక్కు పటకారుతో ఒక్కో గొట్టాన్నీ మెల్లగా నొక్కి మూసి చూడండి. ఏది నొక్కినప్పుడు స్లో స్పీడ్ కుదుటపడిందో లోపం ఆ లైన్లో ఉంది. బ్రేక్ పెడల్ తొక్కి పట్టుకోండి. ఇంజన్ శబ్దం మారి, బుస్సుమని గాలి వినబడితే బూస్టర్ లేదా దాని గొట్టం. మేనిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గర స్ప్రే బాటిల్‌తో మంచినీళ్లు సన్నగా కొట్టినా చాలు, చిల్లు మీద నీళ్లు పడిన క్షణం ఇంజన్ మాట మారుతుంది. వైరింగ్ కనెక్టర్ల మీద మాత్రం కొట్టకండి. గొట్టాల్లోకి పొగ ఊదే స్మోక్ మిషన్ ఉన్న షెడ్డుకి ఈ తంటా లేదు, పొగ ఎక్కడినుంచి వస్తే అక్కడే.

వ్యాక్యూమ్ గేజ్ ఒకటి కొనుక్కోండి. పెద్ద ఖరీదు కాదు, కానీ చాలా షెడ్లలో కనిపించదు. మేనిఫోల్డ్‌కి తగిలిస్తే వేడి ఇంజన్, స్లో స్పీడ్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్క) మధ్య ముల్లు కదలకుండా నిలబడాలి. ఇది మన విజయవాడలో. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి అక్కడ అదే ఇంజన్ ఇంచుమించు రెండు అంగుళాలు తక్కువ చూపిస్తుంది, దాన్ని లోపం అనుకోకూడదు. ముల్లు తక్కువలో నిలకడగా ఉంటే గాలి లీకో, స్పార్క్ లేదా వాల్వ్ టైమింగో. ఒక తాళంలో టక్కున పడి లేస్తుంటే ఒక వాల్వ్ సరిగ్గా కూర్చోవడం లేదు. రేస్ ఇచ్చి పట్టుకుంటే మెల్లమెల్లగా పడిపోతుంటే సైలెన్సర్ దారి మూసుకుపోయింది. ఇంజన్ విప్పకుండా లోపలి సంగతి చెప్పే పరికరం ఇది.

స్కానర్ ఉన్నవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. ఇంటర్నెట్‌లో అందరూ ఒకటే చెప్తారు: ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీఎం పెట్రోలు ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చెప్పే అంకె) స్లోలో ప్లస్ 20 ఉండి, 2,500 ఆర్‌పీఎంలో సున్నా దగ్గరికి వస్తే గాలి లీకు అని. ఆ మాట నిజమే, కానీ లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో మీటర్ ఉన్న బండ్లకి. మీటర్ దాటాక దొంగగాలి వస్తే దాని లెక్క ఈసీఎంకి తెలియదు, పొగలో మిగిలిన ఆక్సిజన్ కొలిచే సెన్సర్ చూసి తర్వాత పెట్రోలు పెంచుకుంటుంది. మన దగ్గర తిరిగే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి ఆ మీటర్ ఉండదు, మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అది మేనిఫోల్డ్‌లో ప్రెషర్ కొలుస్తుంది. దొంగగాలి వచ్చినా ప్రెషర్ పెరుగుతుంది కదా, ఈసీఎం దాన్ని మామూలు గాలి అనుకుని సరిపడా పెట్రోలు వేసేస్తుంది. అందుకని ట్రిమ్ పెద్దగా మారదు, స్లో స్పీడ్ పెరుగుతుంది. దాన్ని తగ్గించడానికి ఈసీఎం, స్లోలో గాలి వదిలే ఐడిల్ మోటార్‌ని మూసుకుంటూ పోతుంది. కాబట్టి ఈ బండ్లలో ట్రిమ్ బాగుంది కదా అని వదిలేయకండి. మ్యాప్ రీడింగ్ చూడండి, వేడి ఇంజన్ స్లోలో, ఏసీ ఆపి, 30 నుంచి 40 కిలోపాస్కల్ ఉండాలి. 50 దాటిందంటే గాలి ఎక్కడినుంచో వస్తోంది, లేదా ఇంజన్‌కి ఒంట్లో బలం లేదు. ఐడిల్ మోటార్ స్టెప్పులు సున్నాకి దగ్గరగా ఉన్నాయా చూడండి. ఈ తేడా తెలియక మంచి పనితనం ఉన్న మెకానిక్‌లు కూడా రోజంతా తిప్పలు పడతారు.

త్రాటిల్ బాడీ క్లీనింగ్ మంచిదే, ప్లేటు అంచున మసి పేరుకుంటే గాలి దారి సన్నబడుతుంది. కానీ ఎలక్ట్రానిక్ త్రాటిల్ ఉన్న బండ్లలో కీ ఆన్‌లో ఉండగా ప్లేటుని వేలితో తోయకండి, లోపలి పళ్ల చక్రాలు ప్లాస్టిక్‌వి. క్లీన్ చేశాక స్లో స్పీడ్ 1,200కి ఎక్కి కూర్చుంటే భయపడకండి, మసితో ఉన్నప్పటి కొలత ఈసీఎం గుర్తుపెట్టుకుని ఉంది. కొత్తగా నేర్చుకోనివ్వాలి. ఆ పద్ధతి ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, మాన్యువల్‌లో ఉన్నట్టే చేయండి. బ్యాటరీ మార్చాక బండి ఊగుతోంది అనే కంప్లయింట్ కూడా చాలాసార్లు ఇదే, మర్చిపోయిన కొలతని మళ్లీ నేర్పడం.

థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి వెళ్లనివ్వని వాల్వ్. దీని గురించి నాకు కోపం ఉంది, దాచుకోను. "మన ఎండలకి వాల్వ్ ఎందుకు సార్, తీసేస్తే ఇంజన్ కూల్‌గా ఉంటుంది" అని తీసేసి పారేసేవాళ్లు ఇంకా ఉన్నారు. కార్బురేటర్ రోజుల్లో అది చెల్లింది. ఈసీఎం ఉన్న బండికి ఇంజన్ వేడి ఒక లెక్క. 85, 90 డిగ్రీలకి చేరాల్సింది హైవే మీద 60, 65 దగ్గరే ఆగిపోతే, ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోలు ఎక్కువేస్తుంది, స్లో స్పీడ్ ఎత్తి పెడుతుంది. మసి పడుతుంది, మైలేజీ పోతుంది, కొన్నాళ్లకి ఊగుడు మొదలవుతుంది. అప్పుడు ప్లగ్గులు మారుస్తాం. ప్లగ్గు చేసిన తప్పేంటి? మిస్సింగ్ కంప్లయింట్‌తో వచ్చిన ప్రతి బండికీ స్కానర్‌లో కూలెంట్ టెంపరేచర్ చూడండి. పొద్దున బండి తీసే ముందు ఆ అంకె బయట వాతావరణంతో సమానంగా ఉందో లేదో కూడా చూడండి. సెన్సర్ అబద్ధం చెప్తుంటే అక్కడే దొరికిపోతుంది.

పెట్రోలు కొట్టించిన వెంటనే స్టార్ట్ అవ్వకపోయినా, స్టార్ట్ అయ్యి ఊగుతున్నా, పర్జ్ వాల్వ్ చూడండి. ట్యాంకులో ఆవిరిని బొగ్గు డబ్బాలో పట్టి, బండి నడుస్తున్నప్పుడు ఇంజన్‌కి పంపే వాల్వ్ అది. తెరుచుకుని ఇరుక్కుపోతే స్లోలో కూడా ఆవిరి వచ్చి పడుతుంది. బంకులో గన్ ఆటోకట్ అయ్యాక "ఇంకో రౌండ్ ఫిగర్ చెయ్యి" అని నింపించుకునే అలవాటు వల్ల ఆ డబ్బాలోకి పెట్రోలే వెళ్తుంది. ఓనర్లకి ఈ ముక్క చెప్పండి.

ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి మీరు అడగకముందే చెప్తాను, ఎందుకంటే ఈ మధ్య ప్రతి రోగానికీ దాన్నే తిడుతున్నారు. 2023 ఫిబ్రవరిలో అమ్మకం మొదలై, 2025 నాటికి దేశమంతటా 20 శాతానికి చేరింది. ఉత్త పెట్రోలు ఒక కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇ20కి ఇంచుమించు 13.5 చాలు. అంటే అదే గాలికి ఎనిమిది, తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం వేయాలి. ఇ10కి ట్యూన్ చేసిన బండికైతే నాలుగైదు శాతం. ఆక్సిజన్ సెన్సర్ వేడెక్కాక ఈసీఎం ఈ తేడా సర్దుకుంటుంది, ట్రిమ్‌లో ఆ అంకె కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. కానీ అప్పటికే ఇంజెక్టర్ సగం మూసుకుపోయి, ప్లస్ 12 మీద నెట్టుకొస్తున్న బండికి ఈ నాలుగైదు శాతం కూడా తోడైతే పొద్దున్నే చలిలో ఊగుతుంది. ఆ బండిలో పాత లోపాన్ని వెతకాలి.

నీళ్ల సంగతి వేరు. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. ట్యాంకులో నీళ్లు చేరితే ఇథనాల్ పెట్రోలుని వదిలేసి నీటితో కలిసి అడుగుకు దిగుతుంది, పంపు లాగేది కూడా అడుగు నుంచే. వానాకాలంలో రెండు మూడు రోజులు ఆపిన బండి స్టార్ట్ చేయగానే తూలుతుంటే లైన్లోంచి పెట్రోలు ఒక గాజు సీసాలోకి పట్టి, కాసేపు కదపకుండా పెట్టి చూడండి. రెండు పొరలుగా విడిపోతే కళ్లకే కనిపిస్తుంది. అది చూపిస్తే ఓనరుతో వాదన ఉండదు.

ఇక ఇంజన్ లోపలి సంగతి. ఒక బండి గురించి చెప్తాను. మూడు సిలిండర్ల చిన్న కారు, సీఎన్‌జీ మీద ట్యాక్సీ తిరుగుతోంది. పొద్దున బాగుంటుంది. ట్రాఫిక్‌లో అరగంట తిరిగి, ఏసీ వేసి ఆగితే ఒళ్లు విరుచుకున్నట్టు ఊగుతుంది. ప్లగ్గులు, కాయిళ్లు, త్రాటిల్ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్ అన్నీ అయిపోయి వచ్చింది. రెండు వారాలుగా డ్రైవరుకి బండి కంటే షెడ్లే ఎక్కువ కనిపిస్తున్నాయి. వ్యాక్యూమ్ గేజ్ పెట్టాం. చల్లటి ఇంజన్‌లో ముల్లు నిలకడగా ఉంది. వేడెక్కే కొద్దీ ఒక తాళంలో చిన్నగా పడటం మొదలైంది. కంప్రెషన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తే మూడింటిలోనూ 170 పీఎస్ఐ అటూ ఇటూ ఉంది. వేడిగా ఉన్నప్పుడు చూస్తే మూడో సిలిండర్ 110కి పడిపోయింది. అందరూ చల్లగా ఉన్నప్పుడే కొలిచి బాగుందన్నారు, అక్కడ తప్పిపోయింది. వాల్వుల మీద మూసే ట్యాపెట్ కవర్ విప్పి, ఇంజన్ చల్లారాక సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే మూడో ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర అన్నిటికంటే పల్చటి ఆకు కూడా దూరలేదు. గ్యాప్ సున్నా. గ్యాస్ బండ్లలో వాల్వ్ సీటు అరిగి, వాల్వ్ పైకి జరిగి, ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) తగ్గుతూ వస్తుంది. వేడికి వాల్వ్ కాడ సాగగానే ఇక పూర్తిగా మూసుకోలేదు. సరైన మందం ఉన్న ట్యాపెట్ బకెట్ వేసి గ్యాప్ పెట్టాం, ముల్లు నిలబడిపోయింది. వాల్వ్ ఇంకా కాలిపోలేదు కాబట్టి హెడ్డు (ఇంజన్ పై భాగం) దించే పని తప్పింది. ఇంకో నెల అలాగే తిరిగి ఉంటే హెడ్డు పనే.

కొందరు ట్యాపెట్ చప్పుడు రాకపోతే సంతోషిస్తారు. గ్యాప్ ఎక్కువైతే చప్పుడు చేసి మనకి చెప్తుంది. గ్యాప్ పోయిన వాల్వ్ నోరు మెదపకుండా కాలిపోతుంది. సీఎన్‌జీ బండ్లకి ట్యాపెట్ గ్యాప్ కొలవడం సర్వీసులో భాగం చేయండి.

కంప్రెషన్ తీసేటప్పుడు ఇంజన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీయాలి, ఇంజెక్టర్ కనెక్టర్లు తీయాలి, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి ఉంచాలి, బ్యాటరీ బలంగా ఉండాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ తీస్తే, అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే హెడ్ గాస్కెట్ ఆ రెండింటి మధ్య పోయింది.

ప్రశ్నలుంటే అడగండి.

(డీజిల్ బండ్లలో స్లోలో ఊగుడు గురించి ఒకరు అడిగారు.)

డీజిల్‌కి స్పార్క్ ప్లగ్గు లేదు, త్రాటిల్ లెక్క వేరు, కాబట్టి దారి కూడా వేరు. కామన్ రైల్ బండి (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే ప్రెషర్ పైపు నుంచి డీజిల్ వచ్చేది) అయితే ముందు ఇంజెక్టర్ రిటర్న్, అంటే మిగిలి వెనక్కి వచ్చే డీజిల్, చూడండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకి నాలుగు ఒకే సైజు సీసాలు తగిలించి కాసేపు స్లోలో తిప్పండి. మూడింట్లో ఒకే మట్టం ఉండి నాలుగోది నిండిపోతుంటే ఆ ఇంజెక్టర్ లోపల కారుతోంది. ఫిల్టర్ మార్చిన తర్వాత మొదలైతే లైన్లో గాలి. తర్వాత పొగ కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసితో తెరుచుకుని ఇరుక్కుందేమో చూడండి. నాలుగు ఇంజెక్టర్లూ ఒకేసారి సెట్ మార్చమని ఎవరైనా చెప్తే, సీసాలు చూపించమని అడగండి.

(బైకుల గురించి ఒక ఐటీఐ విద్యార్థి అడిగాడు.)

బాబూ, కార్బురేటర్ బైకైతే స్లో జెట్ చూడు. వెంట్రుకంత రంధ్రం అది, నెలా రెండు నెలలు ఆపిన బండిలో పెట్రోలు ఆరిపోయి జిగురు పడుతుంది. దాన్ని సూదితో, తీగతో పొడవకు, రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టు. ఆ తర్వాత కార్బురేటర్‌కీ హెడ్డుకీ మధ్య రబ్బరు మేనిఫోల్డ్‌ని వంచి చూడు, పగుళ్లు కనిపిస్తాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కి మారాయి, వాటికి ఇందాక కార్లకి చెప్పిందే.

(ఇంజెక్టర్ కనెక్టర్ తీస్తే చెక్ ఇంజన్ లైట్ వస్తుంది కదా సార్, అని ఇంకొకరు అడిగారు.)

మంచి ప్రశ్న. వస్తుంది, కొత్త కోడ్ రికార్డు అవుతుంది. పరీక్ష అయ్యాక మనమే తుడిచేయాలి. అందుకే చెప్తున్నా, బండి రాగానే ఏ కనెక్టరూ ముట్టుకోకముందే స్కానర్ పెట్టి పాత కోడ్లు చదవండి. కోడ్ ఒక్కటే చూసి వదిలేయకండి, దానితో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది, దాన్ని తెరవండి. లోపం వచ్చిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, కూలెంట్ వేడి ఎంత, లోడ్ ఎంత, బండి ఎంత స్పీడ్‌లో ఉంది, అన్నీ అందులో ఉంటాయి. ఓనరు "ఎప్పుడు వస్తుందో తెలియదన్నా" అన్నా సరే, అది చెప్తుంది. కూలెంట్ 96, ఆర్‌పీఎం 740, స్పీడ్ సున్నా అని ఉంటే, మీరు బండిని అదే వేడికి తెచ్చి, అలాగే ఆపి పరీక్ష చేయాలి. చాలా బండ్లలో ఎరేజ్ నొక్కగానే కోడ్‌తో పాటు ఇదంతా పోతుంది, మళ్లీ రాదు. కాబట్టి ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ఆ తర్వాతే ఎరేజ్ నొక్కండి.